ఒకసారి రాసింది మళ్ళీ రాయకుండా: క్లాస్‌కు పునాది వేసిన క్రిస్టెన్ నిగార్డ్

పోర్ట్ బ్లెయిర్ విమానాశ్రయం పక్కనే ఉంటుంది లంబాలైన్. ఆ ఊరికి ఇప్పుడు శ్రీవిజయపురం అని పేరు మార్చారు కానీ జనం నోట ఇంకా పాత పేరే నలుగుతోంది. హిందీలో లంబా లైన్ అంటే పొడవాటి వరుస. 2023 జులైలో కొత్త టెర్మినల్ ప్రారంభమైన ఆ విమానాశ్రయం నుంచి రోజూ వచ్చిపోయేవాళ్ళు కొందరైతే, చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నాల నుంచి ఓడలో సుమారు మూడు రోజులు ప్రయాణించి దిగేవాళ్ళు మరికొందరు. ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ రెండు దారులూ బాగా తెలుసు.

ఈ ప్రయాణికుల లెక్క చూసే ప్రోగ్రామ్ ఒకటి రాయాలనుకుందాం. విమాన ప్రయాణికుడికి పేరు, వయసు, గుర్తింపు కార్డు నంబరు ఉంటాయి. సీటు నంబరు, సామాను బరువు అదనం. ఓడ ప్రయాణికుడికీ పేరు, వయసు, గుర్తింపు కార్డు నంబరు ఉంటాయి. అదనంగా బంకు నంబరు, దిగే రేవు కావాలి. మొదటి మూడు వివరాలనూ, వాటితో చేసే పనులనూ రెండు చోట్లా రాయాలా? రేపు హెలికాప్టర్ ప్రయాణికుడు వస్తే మూడోసారి రాయాలా? రాశాక ఒక చోట తప్పు దిద్ది రెండో చోట మరిచిపోతే?

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కోడ్ రాసే ప్రతి తెలుగు కుర్రాడికీ ఈ చిక్కు తెలుసు. దాన్నే బాయిలర్‌ప్లేట్ అంటారు. ఆ మాట పుట్టింది పత్రికా రంగంలోనే. అమెరికాలో ఒకప్పుడు చిన్న పత్రికలకు ముందే అచ్చుపోసిన లోహపు పలకలు పంపేవారు. అందులో ఒక్క అక్షరం మార్చడానికి వీలుండేది కాదు. బాయిలర్లకు వాడే ఉక్కు రేకుల్లా ఉన్నాయని వాటికి ఆ పేరు పెట్టారు. ప్రతి క్లాస్‌లోనూ మార్పు లేకుండా మళ్ళీ మళ్ళీ దించాల్సిన వరుసలకు ఇప్పుడు అదే పేరు అతికింది.

అసలు క్లాస్ అన్న భావనే ఈ చిక్కు విప్పడానికి పుట్టిందన్నది మాత్రం చాలామందికి తెలియదు. దాన్ని పుట్టించిన ఇద్దరిలో ఒకరు క్రిస్టెన్ నిగార్డ్. నార్వే దేశస్థుడు. ఆయన కన్నుమూసి రెండు దశాబ్దాలు దాటింది. కంప్యూటర్ శాస్త్రంలో ఆయన పేరు ఎంత పెద్దదో, స్వదేశ రాజకీయాల్లో కూడా అంత పెద్దది. ఆ రెండింటి మధ్య ఉన్న లంకె తెలిస్తే తప్ప ఆయన జీవితం అర్థం కాదు.

చేత్తో వేసిన లెక్కలు

నిగార్డ్ 1926 ఆగస్టు 27న ఓస్లోలో పుట్టాడు. గణితం చదువుకున్నాడు. 1948లో నిర్బంధ సైనిక సేవ కింద నార్వే రక్షణ పరిశోధన సంస్థలో చేరి 1960 దాకా అక్కడే ఉండిపోయాడు. అప్పట్లో నార్వే తన మొదటి అణు రియాక్టర్ కట్టుకుంటోంది. యురేనియం కడ్డీలు ఎంత మందం ఉండాలో తేల్చడానికి అవసరమైన లెక్కలు మామూలు సూత్రాలతో లొంగలేదు. మాంటే కార్లో పద్ధతి వాడారు. అంటే యాదృచ్ఛిక సంఖ్యలు తీసుకుని, ఒక్కో న్యూట్రాన్ ప్రయాణాన్నీ కాగితం మీద నడిపించి చూడటం. కంప్యూటర్ లేదు. మనుషులే కూర్చుని చేత్తో లెక్కలు కట్టారు.

ఒకే రకం వరుసలను వందలసార్లు చేత్తో రాయడం ఎంత నరకమో అలా ఇరవై మూడో ఏటే ఆయనకు అనుభవమైంది. ఆ పద్ధతి సిద్ధాంతం మీదే 1956లో ఓస్లో విశ్వవిద్యాలయంలో మాస్టర్స్ పట్టా తీసుకున్నాడు.

తర్వాత దృష్టి ఆపరేషన్స్ రీసెర్చ్ వైపు మళ్ళింది. సైన్యంలోనూ కర్మాగారాల్లోనూ పనులు ఎలా సాగుతాయి, ఎక్కడ వరుస పేరుకుపోతుంది, ఎక్కడ మనుషులు ఊరికే నిలబడి ఉంటారు అని గణితంతో తేల్చే శాస్త్రమిది. నార్వేలో ఆ శాస్త్రానికి సంఘం పెట్టినవాళ్ళలో ఆయన ఒకడు. 1959 నుంచి 1964 వరకు దానికి అధ్యక్షుడు కూడా.

ఆ పనిలో ఆయనకు ఒక లోటు కనిపించింది. ఫ్యాక్టరీ గురించో రేవు గురించో మాట్లాడాలంటే ఒక కచ్చితమైన భాష లేదు. ఇంజినీరు ఒకలా చెబుతాడు, మేనేజర్ ఒకలా చెబుతాడు, కార్మికుడు ఇంకోలా చెబుతాడు. గణితమేమో పెద్ద వ్యవస్థల దగ్గర చేతులెత్తేస్తుంది. మనిషి చదివి అర్థం చేసుకునేలా, యంత్రం నడిపి చూపేలా రెండింటికీ పనికొచ్చే వర్ణన కావాలి. 1960లో నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌కు మారేటప్పటికి ఆయన బుర్రలో తిరుగుతున్నది ఇదే.

డాల్ కలిశాడు

ఆలోచన నిగార్డ్‌ది. దాన్ని యంత్రం చేత చేయించగల నేర్పు ఓలె యోహాన్ డాల్‌ది. 1931లో పుట్టిన డాల్ కూడా రక్షణ సంస్థలోనే, నిగార్డ్ కిందే ఉద్యోగం మొదలుపెట్టాడు. నిగార్డ్ భారీ మనిషి, గొంతు పెద్దది, సభలంటే ఇష్టం. డాల్ మితభాషి, సంగీతం అంటే ప్రాణం. ఇద్దరూ బ్లాక్‌బోర్డు ముందు నిలబడితే వాదన తారస్థాయికి వెళ్ళేది. కొత్తగా చేరిన ఒక ఉద్యోగి ఆ కేకలు విని, ఎవరో కొట్టుకుంటున్నారని కంగారుగా టెలిఫోన్ ఆపరేటర్ దగ్గరికి పరుగెత్తిందట. ఆమె ఒక్క క్షణం చెవి రిక్కించి విని, అది గొడవ కాదు, వాళ్ళిద్దరూ సిములా గురించి మాట్లాడుకుంటున్నారని తేల్చేసిందట. నార్వే కంప్యూటర్ వర్గాల్లో ఈ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు.

సిములా వాళ్ళు తయారుచేస్తున్న భాష పేరు. 1962లో అమెరికన్ కంపెనీ యూనివాక్ తన 1107 కంప్యూటర్‌ను నార్వేకు అమ్మే ప్రయత్నంలో ఉంది. నిగార్డ్ బేరం కుదిర్చాడు. యంత్రం భారీ తగ్గింపు ధరకు వచ్చింది. బదులుగా సిములా భాషను యూనివాక్‌కు తయారుచేసి ఇవ్వాలి. ఒక చిన్న దేశపు పరిశోధన సంస్థ, ఇంకా పుట్టని భాషను చూపించి పెద్ద యంత్రం సంపాదించిందన్నమాట.

పని 1964 చివరికి పూర్తయింది. కంపైలర్‌లో చాలా భాగం డాల్ రాసిందే. అప్పటికి ప్రసిద్ధమైన ఆల్గాల్ 60 భాష మీద దాన్ని కట్టారు. ఆల్గాల్‌లో ఒక బ్లాక్ పని ముగిస్తే దానిలోని సమాచారమంతా చెరిగిపోతుంది. సిములాలో అలా కాదు. ఓడ, లారీ, ఖాతాదారు వంటి ప్రతిదానికీ సొంత సమాచారం, సొంత పనులు, సొంత ఆయుష్షు ఉంటాయి. ఒకటి ఆగి ఉన్నప్పుడు మరొకటి కదులుతుంది. మళ్ళీ దాని వంతు వస్తే ఆగిన చోటి నుంచే లేస్తుంది. ఇందుకోసం మెమొరీని పంచే పద్ధతినే డాల్ కొత్తగా రూపొందించాల్సి వచ్చింది.

టోల్ గేటు దగ్గర దొరికిన జవాబు

భాషను జనం వాడటం మొదలుపెట్టారు. రెండేళ్ళు అందరి ప్రోగ్రామ్‌లూ చూశాక ఇద్దరికీ ఒక సంగతి పట్టిచ్చింది. చాలా వర్ణనలు సగం ఒకేలా ఉంటున్నాయి. మిగతా సగం వేరు. ఆ కాస్త తేడా కోసం మొత్తం మళ్ళీ రాయాల్సి వస్తోంది. ఒకరి ప్రోగ్రామ్‌కూ మరొకరి ప్రోగ్రామ్‌కూ మధ్య కూడా ఇదే పోలిక కనిపించింది. ఉమ్మడిగా ఉన్నదాన్ని ముందే ఒకసారి రాసి పెట్టుకుంటే ఎంత శ్రమ తగ్గుతుంది!

వాళ్ళు చర్చకు తీసుకున్న ఉదాహరణ ఒక వంతెన. దానికో టోల్ గేటు. గేటు ముందు వాహనాల వరుస. వరుసలో లారీలున్నాయి, బస్సులున్నాయి. వరుసలో నిలబడటం రెండింటికీ ఒకటే. ముందు ఎవరు, వెనక ఎవరు అన్నది రెండూ గుర్తుపెట్టుకోవాలి. కానీ లారీకి సరుకు బరువుంది, బస్సుకు ప్రయాణికులున్నారు. లంబాలైన్ ప్రయాణికుల లెక్కలో ఉన్న చిక్కే ఇది.

అదే కాలంలో టోనీ హోర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త రికార్డు క్లాస్ అన్న ప్రతిపాదన చేశాడు. అందులో ఒక రకం కింద ఉపరకాలు ఉండొచ్చు. కానీ అది సమాచారానికే పరిమితం, పనులకు చోటు లేదు. దాన్ని చదివిన డాల్, నిగార్డ్‌లకు 1966 చివర, 1967 తొలినాళ్ళ మధ్య దారి దొరికింది. ముందు వాహనం అన్న క్లాస్ ఒకటి రాయాలి. లారీ క్లాస్ రాసేటప్పుడు దాని పేరుకు ముందు వాహనం అన్న పేరు తగిలించాలి. అంతే. వాహనంలో ఉన్నదంతా లారీలోకి వచ్చేస్తుంది. సమాచారమూ వస్తుంది, పనులూ వస్తాయి. లారీ దగ్గర రాయాల్సింది లారీకే ప్రత్యేకమైనది మాత్రమే. మన వ్యాకరణంలో ఉపసర్గ చేరినట్టే. అందుకే వాళ్ళు దీన్ని ప్రిఫిక్సింగ్ అన్నారు. ఇన్‌హెరిటెన్స్ అన్న పేరు తర్వాత వచ్చింది.

1967 మే నెలలో ఓస్లో దగ్గర లిసెబులో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో ఈ ఆలోచనను ప్రకటించారు. సిములా 67 పుట్టింది. క్లాస్, సబ్‌క్లాస్, ఆబ్జెక్ట్, వర్చువల్ ప్రొసీజర్ వంటి మాటలు ఇవాళ ఇంజినీరింగ్ కాలేజీ ప్రశ్నపత్రాల్లో కనిపిస్తున్నాయంటే మూలం అక్కడుంది.

ముందుకు వెళ్ళి, వెనక్కి వచ్చి

సిములా పెద్దగా అమ్ముడుపోలేదు. దాని పిల్లలు మాత్రం లోకాన్ని ఏలాయి. అమెరికాలో ఉటా విశ్వవిద్యాలయ విద్యార్థి అలన్ కే సిములా కోడ్‌ను చదివి, ఆ స్ఫూర్తితో తర్వాత స్మాల్‌టాక్ భాషకు రూపమిచ్చాడు. కేంబ్రిడ్జ్‌లో పరిశోధన చేస్తూ సిములా వాడిన బ్యార్న్ స్ట్రౌస్ట్రుప్ 1979లో బెల్ ల్యాబ్స్‌లో సి భాషకు క్లాస్‌లు చేర్చడం మొదలుపెట్టాడు. అదే సి ప్లస్ ప్లస్ అయింది. 1995లో జావా వచ్చింది. మన ఐటీ ఉద్యోగాల్లో ఎన్నిటికి ఆ భాష అన్నం పెట్టిందో చెప్పనక్కర్లేదు.

అయితే ఈ ప్రయాణంలో ఒకటి దారిలో జారిపోయింది. సిములా 67లో క్లాస్ రాసే తీరు చూడండి. క్లాస్ ప్రయాణికుడు అని రాసి, పక్కనే బ్రాకెట్లలో పేరు, వయసు, కార్డు నంబరు అని ఇచ్చి, కింద వాటి రకాలు చెబితే చాలు. ఆ మూడూ ఆ వస్తువు సొంత సమాచారంగా అమరిపోతాయి. ప్రయాణికుణ్ణి సృష్టించేటప్పుడు ఇచ్చిన విలువలు వాటంతట అవే వెళ్ళి కూర్చుంటాయి. కన్‌స్ట్రక్టర్ అని వేరే రాసే పని లేదు. క్లాస్ శరీరమే ఆ పని చేస్తుంది.

జావాలో పరిస్థితి వేరు. మూడు వివరాలు ముందు ప్రకటించాలి. కన్‌స్ట్రక్టర్‌లో మళ్ళీ మూడూ తీసుకుని ఒక్కోదాన్నీ దాని చోట పెట్టాలి. బయటికి చూపడానికి మూడు గెటర్లు. ఇద్దరు ప్రయాణికులు ఒకరేనా అని పోల్చడానికి ఒక మెథడ్. దానికి జోడుగా హ్యాష్‌కోడ్. తెరమీద అచ్చువేయడానికి ఇంకొకటి. మూడు సంగతులు చెప్పడానికి ముప్పై నలభై వరుసలు. నాలుగో వివరం చేర్చి, పోల్చే మెథడ్‌లో దాన్ని మరిచిపోతే కంపైలర్ ఏమీ అనదు. ఇద్దరు వేర్వేరు మనుషులు ఒకరుగా లెక్కకు వస్తారు. ఆ తప్పు బయటపడేది ఏ టికెట్ కౌంటర్ దగ్గరో. బాయిలర్‌ప్లేట్‌తో అసలు నష్టం వేళ్ళ నొప్పి కాదు, ఇది.

దశాబ్దాల తర్వాత భాషలన్నీ ఒక్కొక్కటే దిద్దుకున్నాయి. కాట్లిన్ డేటా క్లాస్ తెచ్చింది. 2018లో పైథాన్ 3.7లో డేటాక్లాస్ వచ్చింది. క్లాస్ పైన ఒక్క గుర్తు పెట్టి వివరాల పేర్లూ రకాలూ ఇస్తే మిగతా మెథడ్లను అదే తయారుచేసుకుంటుంది. 2021లో జావా 16 రికార్డులను స్థిరపరిచింది. రికార్డు ప్రయాణికుడు, పక్కన బ్రాకెట్లలో మూడు వివరాలు. ఒక్క వరుస. కన్‌స్ట్రక్టర్, గెటర్లు, పోలిక అన్నీ అందులోంచే పుడతాయి. పోలిక, అచ్చు వంటివి కొత్త సౌకర్యాలే. కానీ తలకట్టులోనే వివరాలన్నీ చెప్పేసే ఆ రూపం 1967 నాటిది. అర్ధ శతాబ్దం తిరిగి జావా బయలుదేరిన గుమ్మం దగ్గరికే వచ్చింది.

వర్ణించేదెవరు?

నిగార్డ్ దృష్టిలో మాత్రం రాత తగ్గడం లక్ష్యం కాదు, ఫలితం. లోకంలో ఉన్నదాన్ని ఉన్నట్టు వర్ణిస్తే అనవసరపు రాత దానంతటదే రాలిపోతుందని ఆయన నమ్మకం. లారీ కూడా వాహనమే కాబట్టి అలా రాయాలి, నాలుగు వరుసలు మిగులుతాయని కాదు. ఈ తేడా మరిచిపోయి, కోడ్ మిగిలితే చాలని సంబంధం లేని క్లాస్‌లను ఒకదాని కింద ఒకటి పేర్చినవాళ్ళు ఎన్ని చిక్కుముళ్ళు వేశారో పాత ప్రాజెక్టుల్లో పనిచేసినవాళ్ళను అడిగితే చెబుతారు.

ఆ నమ్మకమే ఆయన్ను మరో దారిలోకి నడిపించింది. సిములాతో ఫ్యాక్టరీలను వర్ణిస్తున్నారు. ఆ వర్ణనలో కార్మికుడు కూడా ఒక వస్తువే. అతను ఎన్ని నిమిషాలు నిలబడ్డాడు, ఎక్కడ కదలాలి అన్నవి అందులో ఉంటాయి. ఆ వర్ణన రాయించేది యాజమాన్యం. తను తయారుచేసిన పనిముట్టే కార్మికుడి మెడకు చుట్టుకునే ప్రమాదముందని 1960ల చివరికి నిగార్డ్ గ్రహించాడు. చాలామంది శాస్త్రవేత్తలు ఇలాంటి చోట ఒక వ్యాసం రాసి ఊరుకుంటారు. ఆయన నేరుగా నార్వే ఇనుము, లోహ కార్మికుల సంఘం దగ్గరికి వెళ్ళాడు.

1970 నుంచి 1973 వరకు ఆ సంఘంతో కలిసి పనిచేశాడు. కార్మికుల కోసం పాఠ్యపుస్తకాలు తయారయ్యాయి. తమ ఫ్యాక్టరీలోకి వస్తున్న కంప్యూటర్ వ్యవస్థ ఏం చేస్తుందో కార్మికులే అధ్యయనం చేశారు. ఫలితంగా కొత్త సాంకేతికత తెచ్చే ముందు కార్మికులకు అర్థమయ్యే భాషలో చెప్పాలి, వాళ్ళ ప్రతినిధులకు చోటివ్వాలి అనే ఒప్పందాలు కుదిరాయి. 1975లో అది దేశవ్యాప్త ఒప్పందమైంది. వాడేవాళ్ళను కూర్చోబెట్టుకుని సాఫ్ట్‌వేర్ రూపొందించే స్కాండినేవియా సంప్రదాయానికి ఇదే విత్తనం. ఇవాళ హైదరాబాద్ రోడ్లమీద బైకు మీద తిండి పొట్లాలు మోసే కుర్రాడి కూలీని ఏ యాప్ ఏ లెక్కన తేలుస్తోందో అతనికి తెలియదు. నిగార్డ్ అడిగిన ప్రశ్న అక్కడ ఇంకా నిలబడే ఉంది.

1975లో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లోనూ, తర్వాత ఓస్లోలోనూ ఆయన ఆచార్యుడిగా పనిచేశాడు. డెన్మార్క్ మిత్రులతో కలిసి బీటా అనే భాషను రూపొందించాడు. అందులో క్లాస్, ప్రొసీజర్ వంటి వేర్వేరు భావనలన్నిటినీ పాటర్న్ అనే ఒకే భావన కింద కలిపారు. అనవసరమైన పునరుక్తిని భాష మూలాల్లోంచే తీసేయాలన్న పట్టుదల అది. బీటా ప్రచారంలోకి రాలేదు కానీ భాషలు కట్టేవాళ్ళు దాన్ని చదువుతూనే ఉన్నారు.

మరోపక్క రాజకీయాలు. మొదట లిబరల్ పార్టీలో ఉండి 1971 ప్రాంతంలో లేబర్ పార్టీకి మారాడు. నార్వే యూరోపియన్ యూనియన్‌లో చేరకూడదని సాగిన ఉద్యమానికి 1990ల తొలి సగంలో ఆయనే నాయకుడు. నిర్ణయాలు జనానికి అందనంత దూరం పోకూడదన్నది ఆయన వాదన. 1994 నవంబరు 28న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 52.2 శాతం మంది వద్దన్నారు. నార్వే నేటికీ యూనియన్ బయటే ఉంది. ఆ తీర్పు మంచిదా చెడ్డదా అన్న వాదన అక్కడ ఆగలేదు. కానీ ప్రోగ్రామింగ్ భాష కట్టిన మనిషి ఒక దేశపు దారిని కూడా నిర్ణయించిన సందర్భం మరొకటి వెతకడం కష్టం.

ఆరు వారాల తేడా

గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. 2000లో నార్వే రాజు ఇద్దరినీ సెయింట్ ఒలావ్ పురస్కారంతో సత్కరించాడు. కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు 2001 సంవత్సరానికి ఇద్దరికీ కలిపి వచ్చింది. అప్పటికే డాల్ ఆరోగ్యం దెబ్బతింది. 2002 జూన్ 29న ఆయన చనిపోయాడు. సరిగ్గా ఆరు వారాలకు, ఆగస్టు 10న, గుండెపోటుతో నిగార్డ్ వెళ్ళిపోయాడు. డెబ్బయ్యారో పుట్టినరోజుకు ఇంకా పదిహేడు రోజులుంది. కొత్త విద్యార్థులకు ఆబ్జెక్ట్ ప్రోగ్రామింగ్ ఎలా బోధించాలన్న ప్రాజెక్టులో చివరి రోజుల్లోనూ తలమునకలుగా ఉన్నాడు. ఇద్దరి పేరనా ఇప్పుడు యూరప్‌లో డాల్-నిగార్డ్ బహుమతి ఇస్తున్నారు.

ఇవాళ కృత్రిమ మేధ అడిగిందే తడవు నలభై వరుసల క్లాస్ రాసి చేతిలో పెడుతోంది. ఇక బాయిలర్‌ప్లేట్ బాధ తీరినట్టేనని కొందరంటున్నారు. రాసే బాధ తీరింది, నిజమే. చదివే బాధ తీరలేదు. ఆ నలభై వరుసల్లో ఒకటి తప్పితే పట్టుకోవాల్సింది మనిషే. యంత్రం చేత పదిసార్లు రాయించడం వేరు, పదిసార్లు రాయాల్సిన అవసరమే లేకుండా చేయడం వేరు. టోల్ గేటు ముందున్న లారీలనూ బస్సులనూ చూసి నిగార్డ్, డాల్ ఎంచుకున్నది రెండో దారి. లంబాలైన్‌లో దిగే ప్రయాణికుడు విమానంలో వచ్చినా ఓడలో వచ్చినా ముందు ప్రయాణికుడే. ఆ మాట ఒక్కచోట, ఒక్కసారి చెబితే చాలు.